థర్మకోల్ కొబ్బరిచెట్టు వద్దు: డెల్టా తరగతి గదిలో ఈ కాలపు కథని ప్రాజెక్టులతో చదివించడం ఎలా

మొదటిసారి నేను సాహిత్యం ప్రాజెక్టు ఇచ్చిన ఏడాది స్టాఫ్‌రూమ్ నిండా థర్మకోల్ కొబ్బరిచెట్లు పోగుపడ్డాయి. "మన ప్రాంతం మీద వచ్చిన కథ ఒకటి చదివి ప్రాజెక్టు చేసుకురండి" అన్నాను, అంతే. పిల్లలు నేరుగా స్టేషనరీ షాపుకి పోయారు. పచ్చ చార్టు, గోదారి కోసం నీలం గ్లిట్టరు, రచయిత ఫొటో, నెట్‌లోంచి తీసిన పరిచయం. బాగా మెరుస్తున్న చార్టు తెచ్చిన అమ్మాయిని పిలిచి "నీ కథలో చివరికి ఏమైందమ్మా?" అని అడిగాను. "మంచే జరిగిందండి" అంది. ఆ కథ చివర్లో మనిషి నీళ్లలో కొట్టుకుపోతాడు.

ఆ పిల్లని ఏమనాలి? కథ చదవకుండా చేయగలిగే పని ఇచ్చింది నేను. తను ఆ పని శుభ్రంగా చేసింది. అప్పట్నించీ ఏ ప్రాజెక్టుకైనా నేను పెట్టే పరీక్ష ఒక్కటే: కథ తెరవకుండా దీన్ని పూర్తిచేయొచ్చా? చేయొచ్చంటే ఆ ప్రాజెక్టు కొట్టేస్తాను. కింద రాసినవన్నీ ఆ పరీక్షలో నిలబడ్డవి. కోనసీమలో డిగ్రీ పిల్లలతో చేయించినవే అయినా, హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకి కొంచెం తగ్గించి వాడుకోవచ్చు. ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రాజెక్టు పనుల కింద సరిపోతాయి.

ముందు కథ దొరకాలి

సమకాలీనం అంటే ఎక్కణ్ణించి అని పిల్లలు అడుగుతారు. సిలబస్ పుస్తకాల్లో ఆధునికం అనే మాటకిందే వందేళ్ల సరుకు ఉంటుంది. నేను పెట్టుకున్న గీత 1990ల మొదలు. స్త్రీవాద కవిత్వ సంకలనం 'నీలిమేఘాలు' 1993లోనూ, దళిత కవిత్వ సంకలనం 'చిక్కనవుతున్న పాట' 1995లోనూ వచ్చాయి. అప్పటిదాకా పుస్తకాల్లో ఎవరో ఒకరు తమ తరఫున చెబితే వినిపించినవాళ్లు, సొంత గొంతుతో మాట్లాడటం గట్టిగా వినబడింది అప్పుడే. గీత ఇంకోచోట పెట్టేవాళ్లూ ఉంటారు. పెట్టుకోండి, కానీ ఎందుకు పెట్టారో పిల్లలకి చెప్పండి.

కథ పొడవు ఎనిమిది అచ్చు పేజీలు దాటకపోతే మంచిది. నవల జోలికి పోవద్దు. సెమిస్టరులో నవల పెడితే చదివేది ఇద్దరు, మిగతావాళ్లకి కథ చెప్పేదీ ఆ ఇద్దరే.

వెతకడానికి నాకు బాగా ఉపయోగపడినవి రెండు. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ సంపాదకులుగా 1990 నుంచి వస్తున్న 'కథ' వార్షిక సంకలనాలు ఒకటి. కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం రెండోది. పత్రికల్లో వచ్చిన కథలెన్నో దాని వెబ్‌సైట్లో స్కాన్ చేసి ఉన్నాయి. రాజమహేంద్రవరం దగ్గరైన వాళ్లు పిల్లల్ని ఒకపూట గౌతమీ గ్రంథాలయానికి తీసుకెళ్లండి. బీరువాల మధ్య నిలబడి పుస్తకం వెనక్కి తిప్పి చూడటం వాళ్లలో చాలామందికి అదే మొదలు.

మన ప్రాంతం కథలే పెట్టాలా? మొదటిది మనదే పెట్టండి. రెండోది వేరే సీమదై ఉండాలి. అనంతపురం కరువు కథ చదివితేగాని మన పిల్లలకి కాలవనీళ్లు చిత్రమైన సంగతి అని తోచదు.

పెన్ను పట్టుకోకుండా ఒకసారి

మొదటి పీరియడ్‌లో కథ పైకి చదవాలి. మీరే చదవండి. ఎవరూ ఏమీ రాసుకోకూడదు, మధ్యలో అర్థాలు చెప్పకూడదు. అయిపోయాక గంట కొట్టేదాకా ఎవరేమన్నా వినండి. "నాకేం అర్థం కాలేదండి" అన్నా సరే.

రెండో పీరియడ్‌లో జిరాక్స్ కాపీలు ఇచ్చి, పిల్లల చేత వంతులవారీగా చదివించండి. ఈసారి పెన్సిల్ ఉంటుంది. ఒక్కొక్కరూ మూడుచోట్ల గీత గీయాలి: నచ్చిన వాక్యం, అర్థం కాని వాక్యం, నమ్మబుద్ధి కాని వాక్యం. ఈ మూడోది ముఖ్యం. "మా ఊళ్లో అయితే ఇలా జరగదండి" అని ఒకడు అన్నాడంటే వాడి ప్రాజెక్టు దొరికినట్టే.

ఒక కథ అనుకుందాం

ఇకమీద చెప్పేది స్పష్టంగా ఉండటానికి లేని కథ ఒకటి కల్పించుకుందాం. గోదారి మధ్య దీవిలాంటి లంక ఊరు, వరద రాత్రి. అందరూ నాటుపడవ ఎక్కుతున్నారు. తాత ఎక్కనంటాడు, చూడిగేదెని వదిలి రానంటాడు. చెబుతున్నది పన్నెండేళ్ల మనవరాలు. తెల్లారేసరికి పడవ తిరిగొస్తుంది. గేదె ఉంటుంది, తాత ఉండడు. రచయిత ఏ ఏడాదో చెప్పలేదు, ఊరి పేరూ చెప్పలేదు.

దీనికి ఏ ప్రాజెక్టులు పెట్టొచ్చో చూద్దాం.

కథకి తేదీ పెట్టడం

ఇద్దరిద్దరికి ఇచ్చే పని ఇది. కథ ఏ ఏడాది జరిగిందో కథలోని ఆధారాలతోనే తేల్చాలి. దవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ లెక్క మన పిల్లలు టీవీలో వింటూనే ఉంటారు, కథకి కలిపి ఆలోచించరు. కథలో మూడో హెచ్చరిక అన్నారా? అయితే అలాంటి వరదలు ఏ ఏళ్లలో వచ్చాయి? 1986 ఆగస్టులో దవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఇప్పుడు కథలోకి తిరిగి రావాలి. హెచ్చరిక ఎలా తెలిసింది, దండోరా వేశారా, రేడియోనా, వాట్సాప్ మెసేజా? చేతిలో లాంతరా, సెల్‌ఫోన్ లైటా? ఇంటి కప్పు తాటాకా, రేకా?

ఒక జట్టు 1986 అంటుంది, ఇంకో జట్టు 2022 అంటుంది. లాంతరు ఉంది కాబట్టి పాతకాలం అని ఒకరంటే, వరదకి కరెంటు తీసేస్తే ఇప్పుడైనా లాంతరేగా అని రెండోవాళ్లు. గంటసేపు పోట్లాడుకుంటారు. పోట్లాడాలంటే కథ మళ్లీ మళ్లీ తిరగేయాలి, మనకి కావలసింది అది. జవాబు తేలకపోయినా కంగారు పడకండి. రచయిత ఏడాది ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న దాన్నుంచే పుడుతుంది.

మాటల పుస్తకం

నన్నడిగితే డెల్టా పిల్లలకి ఇంతకంటే మంచి ప్రాజెక్టు లేదు.

కథలోంచి ఇరవై మాటలు ఎంచుకోవాలి. నిఘంటువులో దొరికేవి కాదు, ఊళ్లో అడగాల్సినవి. ఒక్కో మాటకి ఒక పేజీ. పైన కథలోని వాక్యం ఉన్నదున్నట్టు. కింద ఊళ్లో ఎవరు ఏమని చెప్పారు, ఏ పనిచేసే మనిషి చెప్పారు. ఆ కింద ఇవాళ ఆ మాట వాడుతున్నారా లేదా. చివరగా, ఆ మాట తీసేసి బడిపుస్తకం మాట పెడితే ఆ వాక్యానికి ఏమవుతుంది.

ఈ చివరి వరసలోనే సాహిత్యం ఉంది. పైవన్నీ దానికోసమే.

ఉదాహరణకి 'ఏటిగట్టు'. కథ సారాంశం చెప్పమని ఫోన్లో అడిగిన కుర్రాడు ఒకడు 'నదీ తీరం' అని రాసుకొచ్చాడు. గట్టు తీరం కాదు. వరద ఊళ్లమీద పడకుండా పోసిన కట్ట అది. లంకలు ఆ కట్టకి ఏటివైపు ఉంటాయి. అంటే గట్టు ఊరిని కాపాడుతుంది, లంకని కాపాడదు. మన కథలో మనవరాలు "గట్టెక్కితే చాలు" అనుకుందంటే ఆ మాటలో ప్రాణభయం ఉంది, కట్టకి ఇవతల పుట్టినవాళ్ల మీద కొంచెం అసూయ కూడా ఉంది. 'తీరం చేరితే చాలు' అనండి, రెండూ పోతాయి. ఫోను ఇచ్చిన సారాంశాన్నీ కథనీ పక్కపక్కన పెట్టి, ఏయే మాటలు జారిపోయాయో వెతకమని ఇప్పుడు నేనే పని ఇస్తున్నాను. ఫోను వాడొద్దంటే మానరు, అలాగైనా కథ చదువుతారు.

కొబ్బరి కథ అయితే దింపు, ఒలుపు, రాశి, కురిడీ. వరి కథ అయితే సార్వా, దాళ్వా, ఆకుమడి, ఊడ్పులు, పంటబోదె, పనలు. రొయ్యల చెరువుల కథ అయితే సగం మాటలు ఇంగ్లీషువే, ఏరియేటరు, సీడు, కౌంటు. వాటినీ రాయించండి. చెరువు గట్టుమీద కాపలా ఉండే మనిషి నోట్లో కౌంటు తెలుగు మాటే.

ఇలాంటి పని పెద్దలు ఎప్పుడో చేశారని పిల్లలకి చూపించడం మంచిది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వేసింది. దాన్ని తరగతిలోకి తెచ్చి బల్లమీద పెట్టండి. మా తాత మాట పుస్తకంలో ఉందండోయ్ అని ఒక కుర్రాడు అరిచిన అరుపు నాకింకా చెవుల్లో ఉంది.

గొంతు మార్చి రాయడం

కథని ఇంకొకరి నోట చెప్పించడం అందరూ ఇచ్చే పనే. సరిగ్గా ఇవ్వకపోతే 'నా పేరు గేదె, నేను పాలిస్తాను' అని మూడో తరగతి వ్యాసం వస్తుంది. మూడు కట్టుబాట్లు పెట్టండి.

ఒకటి, కథలో జరిగిన సంఘటన ఏదీ మార్చకూడదు. తాతని బతికించేయడానికి వీల్లేదు. రెండు, చెప్పేమనిషికి తెలిసే అవకాశం లేనిది రాయకూడదు. పడవవాడు చెబుతుంటే ఇంట్లో తాతా మనవరాలూ గుసగుసగా ఏం మాట్లాడుకున్నారో వాడికి తెలీదు. మూడు, ఒక్క పేజీ మాత్రమే.

రెండో కట్టుబాటు దగ్గర పిల్లలు ఇరుక్కుంటారు. ఇరుక్కోనివ్వండి. మనవరాలి నోట తాత మొండివాడు. పడవవాడి నోట ఆయన అయిదుగురిని ఆలస్యం చేస్తున్న ముసలాడు. తాత కూతురు నోట అప్పుచేసి కొన్న గేదె అది, ఆ అప్పు ఇంకా తీరలేదు. ఈ చివరిది ఒక అమ్మాయి రాస్తే "అప్పు సంగతి కథలో ఎక్కడుందమ్మా?" అని నేను అడుగుతాను. చూపించగలగాలి. సగం మాటగానైనా కథలో ఉండాలి. లేకపోతే అది సొంత కథ అవుతుంది, ఈ కథ చదవడం కాదు. బాగా రాసే పిల్లలకి ఇది కోపం తెప్పిస్తుంది, తెలుసు. వాళ్ల సొంత కథ విడిగా తీసుకుని చదువుతాను, మార్కులు దీనికే ఇస్తాను.

పటం, శ్రవ్యనాటిక

పటం తేలిక. దవళేశ్వరం కింద గోదారి గౌతమి, వశిష్ఠగా చీలుతుంది, వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. కథలో మనుషులు ఏ పాయ దాటారు, పడవ మీదా పంటు మీదా వంతెన మీదా, ఇవి ఏ వాక్యం ఆధారంగా అనుకున్నారో అంచున రాయాలి. ఊరి పేరు లేని కథకి పటం గీయించడం మరీ బావుంటుంది.

శ్రవ్యనాటికకి సెల్‌ఫోన్ రికార్డరు చాలు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. డైలాగులు చెప్పమంటే మన పిల్లలు సినిమాల్లో విన్న గోదారి యాస మాట్లాడతారు. ప్రతి వాక్యం చివరా ఒక 'ఆయ్', ప్రతి మనిషీ ఎటకారం. వాళ్ల నాయనమ్మ అలా మాట్లాడదు, వాళ్లకీ తెలుసు, అయినా మైకు ముందు సినిమా వచ్చేస్తుంది. అందుకని రికార్డింగుకి ముందురోజు ఒక పని: ఇంట్లో పెద్దవాళ్లు అన్నంతినేటప్పుడు మాట్లాడుకున్న పది వాక్యాలు ఉన్నవున్నట్టు రాసుకురావాలి. గౌతమి ఒడ్డున మాట, నరసాపురం వైపు మాట, యానాం మాట ఒక్కలా ఉండవు. ఒకే ఊళ్లో ఒక పేటకీ ఇంకో పేటకీ కూడా తేడా ఉంటుంది. ఎందుకుంటుందన్న మాట వస్తే కులం మాట వస్తుంది. తప్పించుకోకండి.

ఊళ్లోకి పంపేముందు

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. గల్ఫ్‌కి వెళ్లొచ్చిన స్త్రీ మీద కథ పెట్టాను. డెల్టా ఊళ్ల నుంచి కువైట్, దుబాయ్, మస్కట్‌లకి ఇంటిపనికి వెళ్లినవాళ్లు చాలామంది. కథతో పోల్చి చూడటానికి అలాంటి ఒకరితో మాట్లాడి రమ్మన్నాను. ఒకమ్మాయి వాళ్ల అమ్మతోనే మాట్లాడింది, చాలా బాగా రాసింది. నేను సంబరపడి తరగతిలో చదివించాను. సాయంత్రానికి ఆ సంగతులు వాళ్ల వీధికి చేరాయి. వాళ్లమ్మగారు కాలేజీకి వచ్చి నన్ను ఒక్క మాటా అనలేదు. "మా పిల్లకి చెప్పుకున్నానండి, మీకు కాదు" అని మాత్రం అన్నారు.

ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇది. ఎవరితో మాట్లాడినా ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పాలి. రాసింది వాళ్లకి చదివి వినిపించాలి, వద్దన్న వాక్యం తీసేయాలి. పేరు, వీధి, చుట్టరికం రాయకూడదు. సొంత ఇంటి సంగతి రాస్తే అది నాకొక్కడికే చూపించి వెనక్కి తీసుకోవచ్చు, మార్కులు తగ్గవు. అప్పులు, కులం, ఇంట్లో కొట్టుకోవడాలు ఉన్న కథలైతే అసలు ఊళ్లోకి పంపను. వాటికి మాటల పుస్తకమో గొంతు మార్పో చాలు. పిల్లల జీవితాన్ని ప్రాజెక్టు కోసం తవ్వే హక్కు మనకి లేదు.

ఎన్ని వారాలు, ఎప్పుడు

ఆరు వారాలు. మొదటి వారం చదవడం, రెండోవారం జట్లూ ఎంపికా, మూడూ నాలుగూ పని, అయిదులో చిత్తుప్రతి చూడటం, ఆరులో చూపించడం. చిత్తుప్రతి వారం ఎగ్గొట్టకండి. అందరూ చివరిరోజు రాత్రి కూర్చునేది అది లేనప్పుడే.

జులై, ఆగస్టుల్లో మొదలుపెట్టొద్దు. లంకల నుంచి వచ్చే పిల్లలు వరదకి వారం పదిరోజులు రాలేరు, అప్పుడు జట్టు విరిగిపోతుంది. సంక్రాంతికి ముందు వారమూ దండగే, ప్రభల తీర్థం హడావుడిలో కథ ఎవరికి కావాలి? దసరా సెలవుల తర్వాత మొదలెట్టి నవంబరు నెలాఖరుకి ముగిస్తే హాయి. మధ్యలో తుపాను సెలవులు వస్తాయి, దానికి ఒక వారం చేతిలో ఉంచుకోండి.

తేదీ పని తప్ప మిగతావాటికి జట్టుకి ముగ్గురు. నలుగురైతే ఒకరు టీ తేవడానికి మిగులుతారు.

వెనక పేజీ, మార్కులు

ఏ ప్రాజెక్టయినా చివర్లో ఒక్కో విద్యార్థీ విడిగా, చేత్తో ఒక పేజీ రాయాలి. దాన్ని మేం వెనక పేజీ అంటాం. అందులో మూడు ప్రశ్నలు. ఈ పని చేస్తుండగా కథలో ముందు గమనించనిది ఏం గమనించావు? ఏ వాక్యం నిన్ను ఆపింది? రచయితతో నీకు ఎక్కడ పేచీ?

ఇరవై మార్కుల్లో ఎనిమిది ఈ పేజీకే. అయిదు కథలోంచి ఆధారాలు చూపినందుకు, నాలుగు చేసిన పనికి, మూడు నోటితో చెప్పినందుకు. అట్టకీ అలంకరణకీ సున్నా, అది మొదటిరోజే బోర్డు మీద రాస్తాను. అలా రాయకపోతే డబ్బున్న ఇంటి పిల్లలు కలర్ ప్రింట్లు తెస్తారు, లేనివాళ్లు టెన్షన్ పడతారు.

నోటితో చెప్పేటప్పుడు జిరాక్స్ కాపీలోంచి ఏదో ఒక వాక్యం నేను చదువుతాను. దానికి ముందు వాక్యంలో ఏం జరుగుతోందో చెప్పాలి. రెండు నిమిషాల్లో అంతా తెలిసిపోతుంది.

నలుగురికీ చూపించడం

కాలేజీలోనే ఒక మధ్యాహ్నం, తల్లిదండ్రుల్ని పిలిచి. కథని నాటికగా వేసినా, ప్రేక్షకులు సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్ల వరకే అయితే కాపీరైట్ చట్టం అడ్డు చెప్పదు. యూట్యూబ్‌లో పెట్టడం వేరే సంగతి. రచయిత బతికున్నంతకాలం, పోయాక అరవై ఏళ్ల దాకా హక్కు వాళ్లదీ వాళ్ల వారసులదీ. ఈ కాలపు కథలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి కాబట్టి ముందు ఉత్తరం రాసి అడగండి. ఆ ఉత్తరం పిల్లల చేతే రాయించండి. నేను చూసినంతలో రచయితలు కాదనలేదు, ఇద్దరు తిరిగి ప్రశ్నలు అడిగారు కూడా.

మాటల పుస్తకాలు మాత్రం పారేయొద్దు. మా డిపార్టుమెంటు బీరువాలో అన్నీ కుట్టించి పెట్టాం. ఏటా కొత్త బ్యాచ్ పాతవాళ్లు ఖాళీగా వదిలిన పేజీలతో మొదలుపెడుతుంది. కిందటేడు పదకొండు మాటలు ఖాళీగా మిగిలాయి. వాటిలో నాలుగింటికి ఈ నవంబరులో అర్థాలు దొరికాయి. ఒకటి మా అటెండరుగారే చెప్పారు. ఇన్నాళ్లూ ఆయన్ని అడగాలని ఎవరికీ తోచలేదు.